నేను పోసిన సాక

మనం దాచుకున్నదాన్ని కూడా చూస్తూ, చూసి కూడా మనల్ని విడిచిపెట్టని ఆ శ్రీరామచంద్రునికి ముందుగా నా సాష్టాంగ నమస్కారం. సముద్రం దాటి వచ్చిన మా తాతల మూటల్లో పసుపు ముద్దగా వచ్చి, బర్మాలోని ఈ ఇరావతి నది పల్లపు నేలలోకి దిగి, అయిదు తరాలుగా మమ్మల్ని కాచుకొస్తున్న నూకాలమ్మ తల్లికి నమస్కారం. నలభై ఏళ్ళుగా మందిరంలో పారాయణం చదువుతూ నా నోట ఒక మంచిమాట వచ్చి ఉంటే అది వారిచ్చినదే. ఈ రోజు రాయబోయేది మాత్రం నాది. ఇందులో దేవుడికి భాగం లేదు.

కిందటి నెలలో, వరికోతలు అయిపోయి అమ్మవారి పండుగ వారం రోజుల్లోకి వచ్చినప్పుడు, అటక మీది లోటా దించాను. తెల్లటి ఎనామిల్ లోటా, నీలం అంచు, పిడి దగ్గర పెచ్చు లేచి నల్లటి ఇనుము కనబడుతుంది. మా తాతగారు సేక్కాన్ రేవులో మూటలు మోసే రోజుల్లో ఏదో ఓడ వంటవాడు ఇచ్చిపోయాడని చెప్పుకుంటారు. ఏడాదికొకసారి అమ్మవారి ముందు సారా ధారపోయడానికి తప్ప దాన్ని మరి దేనికీ వాడము. ఆ ధారనే మావాళ్ళు సాక అంటారు. నేను లోటా తుడుస్తూ ఉండగా మా మేనల్లుడి కూతురు వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. కాలేజీలో సీటు వచ్చిందని చెప్పి నా కాళ్ళకు దండం పెట్టి, చేతిలోని గుడ్డ లాక్కుని తానే తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ నవ్వుతూ అడిగింది.

"తాతయ్యా, ఈసారి ఇందులో నాకే కదా పోస్తావు? ఫస్టియర్‌కి ఎల్లే పిల్లలందరికీ పొయ్యడం మన ఆచారం కదేటి. మొగపిల్లలకేనా ఏటి?"

దగ్గు వచ్చినట్టు నటించి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. మన ఆచారం అంది. తాతముత్తాతల నాటి నుంచి వస్తున్నదని ఆ పిల్ల అనుకుంటోంది. ఇప్పటి పిల్లలందరూ అలాగే అనుకుంటున్నారు. అది తాతముత్తాతలది కాదు. ఇరవై నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నేను పెట్టినది. మొదటిసారి పోసింది ఆ పిల్ల తండ్రికే.

అసలు ఆచారం వేరు. నా వయసువాళ్ళలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మా తాతల కాలంలో మనవాళ్ళ కుర్రాడు ఎవడైనా మొదటిసారి రేవులో బియ్యం మూట భుజానికెత్తుకున్న ఏడాది, పండుగనాడు అమ్మవారికి సాక పోశాక లోటాలో మిగిలినది వాడికి ఇచ్చేవారు. మూట సాక అనేవారు దాన్ని. ఒక్క గుటకలో, బొట్టు కింద పడకుండా తాగాలి. తాగితే డప్పులు మోగేవి, ముఠాలోని పెద్దలు వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకునేవారు. రోజుకు పది పన్నెండు గంటలు ఓడ పలకల మీద మూటలు మోసే మనుషులు వాళ్ళు. మా తాతగారి కుడిభుజం మీద అరచేయంత కాయ ఉండేది, చిన్నప్పుడు దాని మీద వేలితో కొడితే చెక్క మీద కొట్టినట్టు ఉండేదని నాకు గుర్తు. ఆ నొప్పికి ఆ గుటక మందు అనుకున్నారు వాళ్ళు. మంచో చెడో, వాళ్ళ బతుకు వాళ్ళది, నేను తీర్పు చెప్పను.

నా కాలం వచ్చేసరికి రేవులో క్రేన్లు వచ్చాయి, ముఠాలు చెదిరిపోయాయి. కొందరు నదికి అవతల ట్వంటే వైపు పొలాలకు పోయారు, అమ్మవారి గుడి కూడా వాళ్ళతో పాటే అక్కడి కాలువ గట్టుకు చేరింది. నేను నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి కాబట్టి ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తానయ్యాను, ఫ్యాను కింద కూర్చుని సరుకుల జాబితాలు రాసేవాణ్ణి. శనివారం సాయంత్రాలు మందిరంలో పారాయణం నాదే. గొంతు బాగుంటుందని, అర్థం విడమరచి చెబుతానని పేరు వచ్చింది, అందరూ మాస్టారూ అని పిలిచేవారు. పండుగలో సాక పోసే పెద్దరికం కూడా మా తండ్రిగారి తరవాత నాకే వచ్చింది. చిత్రమేమిటంటే, పోసేది నేనైనా, ఏనాడూ నేను తాగలేదు. పారాయణం నియమం ఉందని చెప్పి లోటా కళ్ళకద్దుకుని ఊరుకునేవాణ్ణి. ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. మాస్టారికి నియమం ఉంది అని గౌరవంగా తప్పుకునేవారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, దీనితో తరవాత పని ఉంది.

ఆ మేనల్లుడి తల్లి మా అప్ప, అంటే మా అక్కగారు, నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఆమె భర్త తాగి తాగి, కొడుక్కి పదకొండేళ్ళు వచ్చేసరికి కాలేయం చెడి చనిపోయాడు. ఆ తరవాత అప్ప చిమిండైంగ్ బజారులో పొయ్యి పెట్టుకుని దోసెలు పోసి అమ్మేది. ఇక్కడివాళ్ళు వాటిని తోషే అంటారు, పైన బెల్లం, కొబ్బరి చల్లించుకుని తింటారు, మన నాలుకకు అది దోసె అనిపించదు కానీ బేరం దానికే ఎక్కువ. కొడుకు ఆ పొయ్యి పక్కనే పిండి డబ్బా మీద పుస్తకం ఆనించి చదివేవాడు. పదో తరగతి గట్టెక్కి, మా వంశంలో మొదటిసారిగా కాలేజీ మెట్టెక్కబోయినవాడు వాడే. ఫలితాలు వచ్చిన రోజున తల్లి చేయి పట్టుకుని, నాన్న తాగినది నేను ముట్టనమ్మా అని వాడంతట వాడే మాట ఇచ్చాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ బోధించలేదు. ఆ మాట అప్పే నాతో మురిసిపోతూ చెప్పింది. నేనూ మురిశాను. అంటే, తెలిసే చేశాను తరవాత చేసినది.

ఆ ఏడు పండుగ కాలేజీ తెరవడానికి సరిగ్గా వారం ముందు వచ్చింది. అవతలి ఒడ్డున ఉన్న దలా రేవుకు వెళ్ళే పెద్ద పడవలో అందరం కలిసి నది దాటాము. చలికాలం కాబట్టి సముద్రపు పక్షులు గుంపులుగా వచ్చి పడవ వెంట ఎగిరేవి, పిల్లలు వాటికి అటుకుల ఉండలు విసిరేవారు. వాడు కూడా చిన్నపిల్లవాడిలా విసురుతూ, ముక్కుతో గాలిలోనే అందుకున్న పక్షిని చూసి చప్పట్లు కొట్టాడు. నేను దూరంగా కూర్చుని ఆలోచిస్తున్నాను. చాలా ఏళ్ళుగా మూట సాక అందుకునే కుర్రాడు లేక ఆ ఘట్టం బోసిపోయింది. నాకొక ఆలోచన తట్టింది. తట్టినందుకు పొంగిపోయాను కూడా. ఆనాటివాళ్ళకు బియ్యం మూట, ఈనాటివాడికి పుస్తకాల మూట. రెండూ బరువే. ఉపమానం కుదిరితే చాలు, అది నిజమైపోయినట్టే అనుకునే దురలవాటు ఉపన్యాసాలు చెప్పేవాళ్ళకు ఉంటుంది.

గుడి ముందు సాక పోశాను. ట్వంటే కుండల్లో పసుపునీళ్ళు, వేపాకులు, ఒకవైపు డప్పులు, ఒకవైపు ఘటాలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యలో మా అప్ప. నేను చేయెత్తి డప్పులు ఆపించి, పుస్తకాల మూట గురించి చక్కగా నాలుగు మాటలు చెప్పి, లోటాలో మిగిలినది వాడి ముందు పట్టాను.

"ఒద్దు మావయ్యా," అన్నాడు మెల్లగా. "అమ్మకి మాటిచ్చినాను."

జనం గొల్లుమన్నారు. "ఓలమ్మో, గుంటడు సిగ్గుపడతన్నాడు!" అని ఎవరో అన్నారు. "కాలేజీకి ఎల్లకముందే దొరబాబైపోనాడ్రా!" అని ఇంకొకరు. "ఆడికొద్దయితే ఇటియ్యండి మాస్టారూ, మాం లేమేటి?" అని మూడో ఆయన. అందరూ నవ్వుతూనే ఉన్నారు, ఎవరి మనసులోనూ విషం లేదు. నాకు మాత్రం నా ఉపమానం నలుగురిలో నవ్వులపాలైనట్టు అనిపించింది. కోపం రాలేదు, అంతకంటే చెడ్డది వచ్చింది, శాస్త్రం వచ్చింది.

"నీ తల్లికిచ్చిన మాట పెద్దదేటిరా అల్లుడా, అందరికీ తల్లయిన అమ్మోరు పెద్దదా? ఇది సారా కాదు, సాక. కాదన్నావంటే సదువు ఒంటికి పట్టదు. ఆనక నీ ఇష్టం."

వాడు తల్లి వైపు చూశాడు. అప్ప నేల చూస్తోంది. అమ్మవారి మీద భయమో, నలుగురిలో తమ్ముడి మాట తీసెయ్యలేకపోవడమో, నోరెత్తలేదు. వాడు లోటా అందుకుని తాగాడు. పొలమారింది, కళ్ళ నీళ్ళు వచ్చాయి, డప్పులు మోగాయి, భుజాల మీదికి ఎత్తుకున్నారు. తండ్రి మాట నిలబెట్టడానికి అడవికి వెళ్ళిన దేవుడి కథ ప్రతి శనివారం చదివేవాణ్ణి నేను. ఒక కుర్రాడు తల్లికిచ్చిన మాట నా చేత్తో తప్పించి, ఆ సాయంత్రం తిరుగు పడవలో, పండుగ ఎంత నిండుగా జరిగిందో అని తృప్తిగా వక్క నమిలాను.

కాలేజీ ఊరవతల ఉండేది. రోజూ రెండు బస్సులు మారాలి కాబట్టి నలుగురు కుర్రాళ్ళతో కలిసి దగ్గరలో గది తీసుకున్నాడు. కొత్త విద్యార్థులకు స్వాగతం చెప్పే పండుగ జరిగింది, పాటలు పాడారు, పూలు ఇచ్చారు, అదయ్యాక సీనియర్లు కొత్తవాళ్ళను బీరు స్టేషనుకు, అంటే ఇక్కడి బీరు దుకాణానికి, తీసుకుపోయారు. ఇవన్నీ నాకు తరవాత తెలిసినవి. అప్పట్లో తెలిసిందల్లా వాడు ఇంటికి రావడం తగ్గిందని, వచ్చినా తల్లి ముఖం చూడకుండా తిని పడుకుంటున్నాడని. ఒక శనివారం మందిరానికి వచ్చినప్పుడు నాకు వాసన తగిలింది. మెట్ల మీదే, పదిమంది ముందే, నా గొంతు అంతా పెట్టి అడిగాను, ఏ పాపిష్టి సావాసం పట్టావురా, నీ తండ్రి దారేనా నీది కూడా అని. వాడు నా వైపు చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకో రెండు నెలలకు ఆ కుర్రాళ్ళంతా నదికి అవతల తాటితోపులో కల్లు తాగడానికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం తిరిగి వస్తూ, పడవ ఇంకా పూర్తిగా ఆనకముందే గట్టు మీదికి దూకబోయి వాడు కాలు జారాడు. పడవకూ రేవుకూ మధ్య మోకాలు నలిగింది. ప్రాణం నిలిచింది, ప్రభువు దయ. కాలు మాత్రం మళ్ళీ వంగలేదు. ఆ ఏడు పరీక్ష పోయింది, మరుసటి ఏడు చదువే పోయింది.

ఆసుపత్రిలో నాలుగో రోజున అప్ప అన్నం తేవడానికి ఇంటికి వెళితే నేను పక్కన కూర్చున్నాను. నేనేమీ అడగలేదు. వాడే కళ్ళు తెరిచి చెప్పాడు.

"ఒద్దన్నాను మావయ్యా. బీరు స్టేషన్లో మూడుమాట్లు ఒద్దన్నాను. అమ్మకి మాటిచ్చినానని కూడా సెప్పినాను. ఆళ్ళలో మన పండగ సూసిన గుంటడొకడు ఉన్నాడు కదా, ఆడు నవ్వీసి, ఈడు అమ్మోరి కాడ మావయ్య పోస్తే లోటాడు తాగినాడు, మనం పోస్తే తాగడంట అన్నాడు. దానికేటి సెప్పాలి మావయ్యా?"

నిందించలేదు. ఎత్తిపొడవలేదు. లెక్క రాని పిల్లవాడు మాస్టారిని అడిగినట్టు, నిజంగా జవాబు కావాలనే అడిగాడు. నేను దుప్పటి సరిచేసి, పడుకోరా, ఎక్కువ మాట్లాడకు అన్నాను. అంతకు మించి ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే ఇరవై నాలుగేళ్ళు గడిపేశాను.

గడిపేశాను అంటే ఊరికే గడపలేదు, అదే నా సిగ్గు. ఆ మరుసటి ఏడు కాలేజీలు తెరిచే ముందు, కొత్తగా చేరబోయే మన పిల్లలను శనివారం మందిరంలో చాపల మీద కూర్చోబెట్టి మద్యం గురించి నాలుగు మంచిమాటలు చెప్పమని పెద్దలు నన్ను కోరారు. చెడు సావాసం మనిషిని ఎలా పాడుచేస్తుందో గంటసేపు చెప్పాను. మా ఇంట్లోనే ఒక పిల్లవాడు, అన్నాను. పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా, అందరికీ తెలుసు. అప్ప వెనక వరసలో స్తంభం పక్కన కూర్చుని విన్నది. ఆ మరుసటి రోజు ఆదివారం పండుగ. గుడి దగ్గర ఒక తండ్రి ముందుకు వచ్చి, మా గుంటడు కూడా కాలేజీకి ఎళ్తన్నాడు, ఆడికీ మూట సాక పొయ్యండి మాస్టారూ అన్నాడు. నిన్న గంటసేపు తాగవద్దని చెప్పిన అదే పిల్లవాడికి, అదే చేత్తో పోశాను. అది సాక, ఇది సారా అని పేర్లు వేరు పెట్టుకున్నాము గానీ సీసా ఒకటే. అలా ఏటా శనివారం ఉపన్యాసం, ఆదివారం సాక. ఎందుకు మానలేదంటారా? మానితే ఎందుకు మానావని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఆ భయంతోనే ఒక తప్పు ఆచారమైపోయింది.

మా మేనల్లుడు తాగుడు మానినది నా ఉపన్యాసాల వల్ల కాదని కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. మా వీధి చివర ఒక బర్మా పెద్దాయన టీ దుకాణం ఉండేది. పిల్లలందరూ ఆయనను ఊలే, అంటే బాబాయ్, అని పిలిచేవారు. కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చిన వాడికి రోజూ సాయంత్రం ఒక కప్పు టీ పెట్టి, ఎదురుగా బల్ల చూపించేవాడు. ఏ ప్రశ్నా లేదు, ఏ నీతీ లేదు. పాత స్నేహితులు ఎవరైనా వచ్చి బీరుకు పిలిస్తే, వీడు నా పనిలో ఉన్నాడు, ఇప్పుడు కదలడు అని ఆయనే కసిరి పంపేవాడు. వాడికి పనీ లేదు పాడూ లేదు, ఊరికే కూర్చున్నాడు. కాదనే బలం వాడికి వచ్చేదాకా, వాడి బదులు తానే కాదన్నాడు ఆ మనిషి. ఏడాదిన్నర పట్టింది, మధ్యలో రెండుసార్లు జారాడు, మళ్ళీ వచ్చి అదే బల్ల మీద కూర్చున్నాడు. ఇప్పుడు చిమిండైంగ్ బజారులో తాళ్ళు, ప్లాస్టిక్ పట్టాలు అమ్మే కొట్టు పెట్టుకున్నాడు, పెళ్ళాం పిల్లతో బాగున్నాడు. ఆ పెద్దాయన పోయాడు. ఆయన ఏ ధర్మం చదివాడో నేనెప్పుడూ అడగలేదు.

లోటా తుడిచిన పిల్ల వెళ్ళిపోయిన రెండోరోజు ఉదయం, కొట్టు తెరవకముందే మా మేనల్లుడు ఇంటికి వచ్చాడు. కాలు చాపుకుని గట్టు మీద కూర్చుని చాలాసేపు తాళ్ళ ధరలు మాట్లాడాడు. తరవాత అన్నాడు.

"రేపు శనివారం నువ్వు పిల్లలకి సెప్తావు కదా మావయ్యా. నా కత సెప్పు, పర్లేదు. ఎన్నాళ్ళనుంచో సెప్తన్నావు. కానీ సగం సెప్పకు. నా కూతురు ముందర సగం సెప్పకు."

వాడు లేస్తూ మళ్ళీ అన్నాడు. "ఆ సగమే అది నమ్మిందనుకో, ఎల్లుండి పండగలో నీ కాడ ఒద్దనలేదు. నీ కాడ అనలేనిది ఇంకెక్కడంటాది?"

ఆ రాత్రంతా జపం చేస్తూనే ఉన్నాను గానీ, చేతిలోని పూసలు కదిలాయే తప్ప మనసు కదలలేదు. డెబ్భై దగ్గర పడిన వయసులో, నలుగురిలో ఉన్న కాస్త పేరు తప్ప నాకింకేముంది అన్న లెక్క ఒకటి లోపల నడుస్తూనే ఉంది. తెల్లవారేటప్పటికి కూడా నాకు ధైర్యం రాలేదు. ధైర్యం లేకుండానే వెళ్ళాను.

శనివారం అయిదుగురు పిల్లలు చాప మీద కూర్చున్నారు. ఆ పిల్ల మధ్యలో, ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుని. నేను ఎప్పటిలాగే, మా ఇంట్లోనే ఒక పిల్లవాడు, అని మొదలుపెట్టాను. అక్కడ ఆగిపోయాను. తరవాత తల వంచుకుని మొత్తం చెప్పాను. మాట ఇచ్చిన సంగతి, లోటా సంగతి, శాస్త్రం అడ్డుపెట్టిన సంగతి, ఆసుపత్రిలో వాడు అడిగిన ప్రశ్న. మందిరం పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకుని, పాత కతలు ఇప్పుడెందుకండీ పిల్లల ముందర అన్నాడు. వెనకనుంచి, స్తంభం పక్కనుంచి, మా అప్ప గొంతు వినబడింది.

"సెప్పనియ్యండి."

ఆ ప్రశ్నకు జవాబు ఆ రోజు చెప్పాను, ఇరవై నాలుగేళ్ళు ఆలస్యంగా. ఏమీ చెప్పనక్కర్లేదు అన్నాను. ఒద్దు అన్నాక ఇంకో మాట చెప్పవలసిన పని మీకు లేదు. నాకు పారాయణం నియమం ఉందంటే అందరూ తప్పుకున్నారు, మీకు నియమం ఉందని మీరంటే తప్పుకోవలసింది మేము. మా దగ్గర ఒద్దనడం మీకు అలవాటైతే బయట కూడా అనగలరు. ఒకవేళ ఎప్పుడైనా తాగి ఇబ్బందిలో పడితే దాచకండి, మా ఇంటి తలుపు తట్టండి, నేను ఉపన్యాసం చెప్పను, టీ పెడతాను. అంతే చెప్పగలిగాను. మా మేనల్లుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, నేను వాడి ముఖం చూడలేకపోయాను.

బయటికి వచ్చాక అప్ప చెప్పులు వెతుక్కుంటోంది. నేను వంగి ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను. ఆమె నా తల మీద చేయి వేసి, కోపం ఏమాత్రం లేకుండా అంది.

"ఇన్నాళ్ళకా తమ్ముడూ."

క్షమించమని అడగబోయాను. అడగనివ్వలేదు. "నన్నడుగుతావేటి. ఆ దినం నాను కూడా నోరెత్తలేదు," అని, నెమ్మదిగా మెట్లు దిగిపోయింది. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆదివారం పండుగలో లోటాడు సారా చివరి బొట్టు దాకా అమ్మవారి పాదాల ముందు మట్టిలోకే ధారపోసి, లోటా అక్కడే బోర్లించాను. తల్లికి ఇవ్వవలసినది తల్లికి ఇచ్చాము. ఇక అంతా మారిపోయిందని నేను చెబితే అది మళ్ళీ సగం కథే అవుతుంది. ఇద్దరు తండ్రులు గొణిగారు. "అయితే మా గుంటడేటి పాపం సేసినాడండీ, ఆడికి లేదా?" అని ఒకాయన గట్టిగానే అడిగాడు. అడిగి, కొడుకును గుడి వెనక్కి తీసుకుపోయి సొంత సీసాలోంచి ప్లాస్టిక్ గ్లాసులో పోశాడు. వెళ్ళి ఆపాలనుకున్నాను, రెండడుగులు వేశాను కూడా. ఏ మాటతో ఆపాలి? ఒక మధ్యాహ్నంలో పెట్టిన ఆచారం ఒక మధ్యాహ్నంలో పోదు. ఆ పిల్లవాడు తాగాడు. అది నా ఖాతాలోదే.

ఆయనే ఇంకో గ్లాసు నింపుకుని వస్తూ, దారిలో మా మేనల్లుడి కూతురిని చూసి చేయి చాపాడు. "రావమ్మా కాలేజీ దొరసానీ, నీకూ ఒక గుటక!"

"ఒద్దు బాబాయ్."

"అమ్మోరికి కోపమొస్తాది మరి!"

"వస్తే అమ్మోరే వచ్చి నాకు సెప్తాది లే. నీకెందుకు బాబాయ్ మద్దెన?"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వి, ఆ గ్లాసు తానే తాగేసి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల అప్పటికే స్నేహితురాలి వైపు తిరిగి సగం బర్మా మాటల్లో ఏదో చెప్పుకుపోతోంది. అంతే జరిగింది. ఆకాశం విరిగి పడలేదు, కాలువలో నీళ్ళు ఆగలేదు. ఇంత చిన్న పని, ఇంత తేలికైన పని, ఆనాడు వాడి విషయంలో జరగనివ్వడానికి నేను చేయవలసిందల్లా నోరు మూసుకోవడమే. అటు చూస్తే, మా మేనల్లుడు బాగున్న కాలి మీద బరువు వేసి నిలబడి, కూతురి వైపే చూస్తూ నవ్వుతున్నాడు. పడవలో పక్షులకు ఉండలు విసిరిన రోజున చూసిన నవ్వు అది. మళ్ళీ ఇన్నేళ్ళకు చూశాను.

ఆ సాయంత్రం నది దాటి వస్తూ ఉంటే, దలా వైపు కొత్త వంతెన స్తంభాలు నీళ్ళలోంచి లేచి కనబడ్డాయి. అది పూర్తయితే ఈ పడవలూ ఉండవేమో, ఆ పక్షులకు ఉండలు విసిరే పిల్లలూ ఉండరేమో. సేక్కాన్‌లో ఇప్పుడు ఇనుప పెట్టెలను క్రేన్లే దించుతాయి, భుజాన కాయలున్న మనిషి ఒక్కడు లేడు. మన పిల్లలకు మన మాటలు అర్థమైనంతగా పలకడం రాదు. మన కాలంలో ఉన్నవి ఒక్కొక్కటే పోతున్నాయని ఎన్ని సాయంత్రాలు దిగులుపడ్డానో. ఆ రోజు మాత్రం, పోవలసినవి కొన్ని నా వల్లే పోకుండా నిలిచిపోయాయి కదా అనిపించింది. మన రోజుల్లో పెద్దల మాటకు ఎదురు లేదని గొప్పగా చెప్పుకుంటాము. ఎదురు లేని మాటకు ఎంత బరువుంటుందో, అది ఎవరి మోకాలి మీద పడుతుందో, చెప్పినవాడికి తెలియదు.

నా ఈడు సోదరులారా, అక్కలారా, మీ ఇంట కూడా పండుగకో పెళ్ళికో బయటికి తీసే లోటా ఒకటి ఉండే ఉంటుంది. ఈ కాగితం కింద పెట్టకముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకోండి. ఈ ఏడు కాలేజీ మెట్లెక్కుతున్న పిల్లల కోసం, గుడి వెనక గ్లాసు అందుకున్న ఆ ఒక్క పిల్లవాడి కోసం, వాళ్ళు ఒద్దన్నప్పుడు వినగలిగే చెవులు మనకు ఇమ్మని, ఆలస్యంగా తల వంచిన ఈ ముసలివాడితో కలిసి రాముణ్ణి వేడుకోండి.